గోడ మీద మూడు బంగారాలు

బరంపురంలో మా ఇంటి హాల్లో ఒకే గోడకి మూడు పటాలున్నాయి. మూడింటికీ బంగారు రంగు ఫ్రేములే. ఒకటి మామ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న లక్ష్మీదేవి అచ్చుబొమ్మ. 1894లో రవివర్మ బొంబాయిలో ప్రెస్సు పెట్టిన తర్వాత దేవుడి గదుల్లోకి చేరిన తరహా బొమ్మ అది. రెండోది వి.వి.గిరి ఫోటో. మా ఊళ్లో పుట్టిన మనిషి 1969లో రాష్ట్రపతి అయ్యాడని తాతగారు ఆ ఏడే పటం కట్టించారు. మూడోది జగన్నాథుడి పటచిత్రం. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మా కిటికీ ఊడి, పాత ఫ్రేము తడిసి ఉబ్బిపోతే కొత్తది కట్టించాం.

వింతేమిటంటే ఈ మూడింట్లో అన్నిటికన్నా ముసలిదే అన్నిటికన్నా మెరుస్తోంది. గిరిగారి ఫ్రేము బెల్లం పాకం రంగుకి తిరిగి, మూలల్లో మేకుల చుట్టూ ఆకుపచ్చ చిలుము పట్టింది. జగన్నాథుడిది నల్లబడలేదు, చిలుమూ పట్టలేదు. కానీ కట్టించిన రోజు నుంచీ అది బంగారంలా లేదు, ముత్యపు చిప్పకి పసుపు రాసినట్టుంది.

ఒక దీపావళికి మా పిన్ని గిరిగారి ఫ్రేము కింది పట్టీని చింతపండుతో తోమింది. కుందులు తోముతూ తోముతూ చేయి అటు పోయిందట. రెండంగుళాల మేర తళతళలాడింది. ఆ సంబరంలో ఇంకో రెండు రుద్దులు రుద్దేసరికి బంగారం కాస్తా నీళ్లలో కలిసి, అడుగునున్న ఎర్ర రంగు బయటపడింది. దాన్ని బాగుచేయించడానికి పటాలు కట్టే ముసలాయన దగ్గరికి తీసుకెళ్తే ఆయన గోటితో ఒకసారి గీకి చూసి, "ఇది ఇత్తడి బాబూ. ఇత్తడి నల్లబడక ఏటౌద్ది?" అన్నాడు. లక్ష్మీదేవి ఫ్రేము సంగతి అడిగితే మాత్రం, "దానికి చింతపండు కాదు, తడిగుడ్డ కూడా తగలనీకండి" అన్నాడు. ఇత్తడి అన్న మాట అర్థమైంది. తడిగుడ్డ మాట అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది.

పట్టుచీరల ఊరివాళ్లకి ఈ లెక్క జరీతో చెప్తే తొందరగా ఎక్కుతుంది. అసలు జరీ అంటే పట్టుదారం మీద చుట్టిన వెండితీగకి బంగారు పూత. టెస్టెడ్ జరీలో లోపలున్నది రాగి. మూడో రకం ఉత్త ప్లాస్టిక్ మెరుపు. చీర మడత మీద మూడూ ఒకలాగే మెరుస్తాయి. నాలుగేళ్లయ్యాక బీరువా తెరిస్తే తెలుస్తుంది ఏది ఏదో. మా ఫ్రేముల మీది బంగారం కూడా మూడు రకాలే: నిజం రేకు, ఇత్తడి పొడి, అభ్రకం పొడి. దుకాణంలో డబ్బా మీద మాత్రం రెండో దానికీ మూడో దానికీ ఒకటే పేరు, గోల్డ్. గొడవంతా ఆ పేరుతోనే. మన భాషలో గిల్టు అన్న మాట నకిలీ నగలకి స్థిరపడిపోయింది గానీ, వచ్చిన చోట దానికి బంగారంతో పూత పెట్టింది అనే అర్థం. ఆ లెక్కన మా గోడ మీద గిల్టు ఒక్క లక్ష్మీదేవిదే.

అసలు పసుపు ఎనామెల్ వేస్తే బంగారంలా ఎందుకుండదు? ఒక పసుపు ప్లాస్టిక్ బకెట్టునీ, ఒక ఇత్తడి బిందెనీ ట్యూబ్‌లైటు కింద పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటి మీదా లైటు గీత పడుతుంది. బకెట్టు మీద ఆ గీత తెల్లగా ఉంటుంది, బిందె మీద పసుపుగా ఉంటుంది. తేడా అంతా అక్కడే. మామూలు రంగులో వెలుగు పైపొర దగ్గరే కొంత తెల్లగా తిరిగొస్తుంది, మిగతాది లోపలికి పోయి రంగు పూసుకుని నాలుగు దిక్కులా చెదిరిపోతుంది. బంగారం, రాగి, ఇత్తడి లాంటి లోహాల దగ్గర అద్దంలోలా తిరిగొచ్చే వెలుగుకే రంగు అంటుతుంది. బంగారం నీలం వెలుగుని మింగేసి పసుపునీ ఎరుపునీ వెనక్కి కొడుతుంది. పైగా మనం కదిలితే ఆ మెరుపూ కదులుతుంది. కాబట్టి బంగారు వన్నె అనేది ఒక రంగు కాదు, ఒక నడవడి. అది రావాలంటే రంగులో చిన్న చిన్న అద్దాలు ఉండాలి, అవన్నీ ఒకే తీరున పడుకోవాలి.

ఆ అద్దాలే డబ్బాలోని రేణువులు. బజారులో బ్రాంజ్ పౌడర్ అంటారు గానీ అందులో కంచు ఉండదు, రాగీ తుత్తునాగం, అంటే జింకు, కలిసిన ఇత్తడే. తుత్తునాగం నూటికి పది పాళ్లుంటే కాస్త ఎర్రజీర ఉన్న పేల్ గోల్డ్, ముప్పై పాళ్లుంటే నిమ్మపసుపు వైపు లాగే రిచ్ గోల్డ్. పేరులో రిచ్ ఉన్నదాంట్లోనే రాగి తక్కువ. ఈ పొడిని గుండ్లమరలో నలిపేటప్పుడు రేణువులు ఒకదానికొకటి అతుక్కోకుండా స్టియరిక్ ఆమ్లమనే కొవ్వు పదార్థం కలుపుతారు. ఆ కొవ్వు పొర వల్ల రేకుల్లాంటి రేణువులు పూతలో మునగవు, చెరువు మీద రాలిన వేపాకుల్లా పైకి తేలి, పెంకుటింటి కప్పులా ఒకదాని మీద ఒకటి సర్దుకుంటాయి. మెరుపు ఆ సర్దుబాటుది. అందుకే గోల్డ్ వేసేటప్పుడు కుంచెని వెనక్కీ ముందుకీ రుద్దకూడదు. నిండుగా ముంచి, ఒకే వైపు లాగి, వదిలేయాలి. ఆరుతున్న చోట రెండోసారి కుంచె తగిలితే కప్పు చెదిరినట్టే, అక్కడ మట్టిరంగు మచ్చ మిగులుతుంది.

ఇత్తడికి శత్రువులు ముగ్గురు. మొదటివాడు ఇంట్లోనే ఉంటాడు, అంటే పొడిని కలిపే నూనెలో. లిన్సీడ్, అంటే అవిసె, నూనెలో ఉండే కొవ్వు ఆమ్లాలు రాగిని పట్టుకుని ఆకుపచ్చ సబ్బులాంటి పదార్థంగా మారుస్తాయి. ముందే కలిపి నిలవబెట్టిన డబ్బా అడుగున జావలాంటి పచ్చదనం కనిపించేది ఇందుకే. పాత పనివాళ్లు పొడినీ, మీడియం అనే ఆ కలిపే నూనెనీ వేరువేరుగా కొని, ఆ పూటకి సరిపడా మాత్రమే కలుపుకునేవారు. అది పిసినారితనం కాదు. రెండోవాడు మన చెయ్యి. చెమటలోని ఉప్పూ ఆమ్లమూ ఇత్తడి మీద వేలిముద్రని ఆ రోజు కనిపించకుండా దాచి, నెల తర్వాత గోధుమరంగులో అచ్చు వేస్తాయి. మూడోవాడు సముద్రం. గోపాల్‌పూర్ మాకు దగ్గరే. ఆ గాలిలో ఉప్పు ఉంటుంది, ఆ ఉప్పు తేమని పిలిచి కూర్చోబెడుతుంది, తేమా ఉప్పూ కలిసిన చోట రాగికి చిలుము తప్పదు. అదే పొడి, అదే చెయ్యి, రాయగడలోనో జయపురంలోనో కొండల మధ్య ఉన్న ఇంట్లో ఎక్కువ కాలం నిలబడుతుంది. మా ఊళ్లో ఇత్తడి పొడితో వేసిన ఫ్రేముని గోడకి కొట్టి, అగరుబత్తుల పొగ రోజూ చూపిస్తూ, "పెయింటరు మోసం చేశాడు" అనడం అన్యాయం.

మూడో రకానిది అభ్రకం. మన గూడూరు గనుల అభ్రకం గురించి చిన్నప్పుడు సోషల్ పుస్తకంలో చదువుకున్నదే. ఆ పలుచటి పొరల మీద టైటానియం డయాక్సైడ్, దాని మీద ఇనుప ఆక్సైడ్ పూత ఎక్కిస్తే బంగారు ఛాయ వస్తుంది. నీళ్లతో కలిసే యాక్రిలిక్ గోల్డ్ డబ్బాల్లో చాలావాటిలో ఉండేది ఇదే. గోళ్లరంగులోనూ, కార్ల రంగుల్లోనూ ఇదే. ఇందులో రాగి లేదు కనుక నల్లబడే ప్రశ్నే లేదు. అయితే అభ్రకం లోహం కాదు. వెలుగు దానిలోంచి కొంత దాటిపోతుంది కాబట్టి లోహపు బిగువు రాదు, ముత్యపు మెత్తదనమే వస్తుంది. జగన్నాథుడి ఫ్రేము రహస్యం అదీ. మీ ఇంట్లో ఉన్న డబ్బా గోల్డ్ ఈ రెండింట్లో ఏదో తేల్చుకోవాలంటే ఫ్రేము వెనక అంచున, అక్కడికీ రంగు చిమ్మి ఉంటే, ఒక చుక్క నిమ్మరసం పెట్టి రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి ఆకుపచ్చ జీర కనిపిస్తే ఇత్తడి. ఏ మార్పూ లేకపోతే అభ్రకమో, పైన వార్నిష్ గట్టిగా ఉన్న ఇత్తడో. ముందు వైపు మాత్రం ఈ ప్రయోగం వద్దు, మా పిన్ని చేసింది చాలు.

ఇక నిజం రేకు. బంగారం అనగానే గుండెలు బాదుకుంటాం గానీ లెక్క వేసి చూస్తే నవ్వొస్తుంది. పూతకి వాడే బంగారు రేకు మందం మిల్లీమీటరులో పదివేలవ వంతు, అంటే మైక్రానులో పదో వంతు ఉంటుంది. మన వెంట్రుక మందంలో ఏడువందల రేకులు పడతాయి. ఆ మందాన ఒక్క గ్రాము బంగారం అర చదరపు మీటరు పైన పరుచుకుంటుంది. పద్దెనిమిది అంగుళాల వెడల్పు, ఇరవై నాలుగంగుళాల పొడుగు బొమ్మకి రెండంగుళాల పట్టీతో ఫ్రేము కట్టారనుకోండి. పట్టీ వంపులూ నగిషీ కలుపుకుని పూత పడాల్సిన చోటు సుమారు పదిహేనువందల చదరపు సెంటీమీటర్లు. అంటే గ్రాములో మూడో వంతు కూడా పట్టదు. ఒకదాని మీద ఒకటి ఎక్కేదీ, చిరిగిపోయేదీ కలిపినా అర గ్రాము. ఉంగరానికి పట్టే దాంట్లో చిన్న వంతు. డబ్బులు పోయేది బంగారానికి కాదు, అంత పలుచగా సాగగొట్టిన చేతికీ, దాన్ని ఊపిరి బిగబట్టి అంటించిన చేతికీ.

అయితే అంత పలుచటి రేకు ఏ తప్పునీ దాచదు. కింద ఇసుకరేణువంత బొడిపె ఉన్నా దీపంలా వెలుగుతుంది. అందుకే ఈ పనిలో ముప్పాతిక వంతు బంగారం కనిపించక ముందే అయిపోతుంది. చెక్క మీద వజ్రం, అంటే తోళ్లూ ఎముకలూ ఉడకేసి తీసిన వడ్రంగి బంక, వెచ్చటి నీళ్లలో కరగబెట్టి, మెత్తటి సుద్ద కలిపి, ఆరు నుంచి ఎనిమిది పూతలు. బంక వెచ్చగా ఉండాలి, తెర్లకూడదు. తెర్లితే పట్టు పోతుంది. పై పూత కింది పూత కన్నా గట్టిగా ఉండకూడదు. ఉంటే అది ఎండుతూ కింది దాన్ని పెకిలించి పెచ్చులు లేపుతుంది. ఆ తర్వాత సాండ్‌పేపరుతో గుడ్డు పెంకులా నునుపు చేసి, ఎర్రటి మెత్తని బంకమట్టి పూత. దాని మీద తడి చూపించి రేకు పరిస్తే, మట్టిలోని బంక ఆ తడికి మెత్తబడి రేకుని పట్టేస్తుంది. ఆరాక అకీకు అనే నున్నటి గట్టి రాయితో రుద్దితే అద్దం.

ముసలాయన చెప్పిన తడిగుడ్డ మాట ఇక్కడ విడింది. నీటితో అంటుకున్నది నీటితో ఊడుతుంది. నూరేళ్లు గాలి ఏమీ చేయలేని లక్ష్మీదేవి ఫ్రేము ఒక్క తడిగుడ్డకి లొంగిపోతుంది, ఎందుకంటే బంగారానికి ఏమీ కాదు గానీ దాని కింద బంక కరుగుతుంది. అలాంటి ఫ్రేములకి మెత్తటి పొడి కుంచె తప్ప వేరే సేవ లేదు. నూనె జిగురు మీద అంటించిన రేకు అయితే నీటికి కాస్త తట్టుకుంటుంది, కానీ రాయితో రుద్దడానికి లొంగదు, అంత మెరుపూ రాదు.

సుద్దా బంకా అనగానే ఇదేదో ఇటలీ విద్య అనుకోనక్కర్లేదు. ఆ మూడో పటంలోని జగన్నాథుణ్ణి ఫ్రేము విప్పి వెనక్కి తిప్పి చూడండి. పూరీ పక్క రఘురాజ్‌పూర్ చిత్రకారులు గుడ్డని చింతగింజల బంకా సుద్దపొడీ పట్టించి, ఎండబెట్టి, ముందు గరుకు రాయితోనూ తర్వాత నున్నటి రాయితోనూ రుద్ది అట్టలా చేస్తారు. జంతువుల బంక బదులు చింతగింజ, అకీకు బదులు ఏటిరాయి. సూత్రం ఒకటే. తంజావూరు బొమ్మల్లో రేకు కింద ఉబ్బెత్తుగా ఉండేదీ సుద్దా బంకా ముద్దే. బొమ్మకి అంత నేల కట్టి, ఫ్రేముకి వచ్చేసరికి పచ్చి చెక్క మీద డబ్బా గోల్డ్ పులిమేయడం చూస్తే నాకు కడుపు మండుతుంది. ఇప్పటి వడ్రంగులు వజ్రం బదులు ఫెవికాల్‌లో సుద్ద కలుపుతున్నారు. డబ్బా గోల్డ్‌కి అది చాలు. సాండ్‌పేపరుకి కాస్త జిగురుగా చుట్టుకుంటుంది, అంతే. నీటితో రేకు అంటించే పద్ధతికి మాత్రం అది పనికిరాదు, తడికి మెత్తబడదు కదా.

కింద ఎర్ర రంగు ఎందుకన్నది కూడా తెలుసుకోదగ్గదే. రేకుల అతుకుల దగ్గర సన్నటి సందులు మిగులుతాయి, రాపిడికి అంచులు అరుగుతాయి. ఆ సందుల్లోంచి తెల్ల సుద్ద కనిపిస్తే చిరుగులా ఉంటుంది, జేగురు కనిపిస్తే వెచ్చదనంలా ఉంటుంది. డబ్బా గోల్డ్ వేసేవాళ్లు కూడా తెల్ల ప్రైమరు మీద నేరుగా వేయకుండా ఒక పూత రెడ్ ఆక్సైడో, పసుపు జేగురో వేసి చూడండి. అభ్రకం గోల్డ్‌కయితే ఇది మరీ ముఖ్యం, వెలుగు దానిలోంచి దాటి కింది రంగుని తాకి వస్తుంది కనుక. మా జగన్నాథుడి ఫ్రేముకి తెల్ల ప్రైమరు వేశారు. మజ్జిగలా ఉండటానికి సగం కారణం అదే.

చెక్క సంగతి. చెక్క తేమకి అడ్డంగా ఉబ్బుతుంది, పొడుగునా దాదాపు కదలదు. నలభై ఐదు డిగ్రీలకి కోసి కలిపిన మూలకి ఇది ప్రాణసంకటం. వానాకాలంలో పట్టీ వెడల్పు పెరిగి మూల బయటి కొన దగ్గర నోరు తెరుస్తుంది. ఎండాకాలంలో వెడల్పు తగ్గి లోపలి మూల దగ్గర తెరుస్తుంది. పట్టీ ఎంత వెడల్పయితే అంత నోరు. అందుకే పెద్ద ఫ్రేముల్లో సుద్ద పూతకి ముందే మూల మీద పల్చటి పాత పంచె పీలిక బంకతో అతికిస్తారు. ఎవరూ పట్టించుకోని పని ఇంకోటి ఉంది. ఫ్రేము వెనక వైపు కూడా ఒక పూత లక్క వేయాలి. ముందు మూసేసి వెనక తెరిచి ఉంచితే తేమ వెనకనుంచి తాగి చెక్క వంగుతుంది. టేకు అయితే ముందు థిన్నరు గుడ్డతో తుడవాలి, దానిలోని నూనె ఏ పూతనీ సరిగా అంటనివ్వదు. చెక్క కణుపుల మీద లక్క తగిలించకపోతే బంక కారి పైకి మచ్చ వస్తుంది.

లక్క గురించి ఇంకో మాట చెప్పాలి, నాకు ఈ వ్యవహారం మొత్తంలో నచ్చిన కిటుకు అదే. వెండి రేకు మీదో, అల్యూమినియం రేకు మీదో నారింజ ఛాయ ఉన్న లక్కని స్పిరిట్‌లో కరగబెట్టి రెండు మూడు పూతలు వేస్తే అది బంగారం. వెలుగు లక్కలోంచి లోపలికి పోయేటప్పుడు ఒకసారి, తిరిగొచ్చేటప్పుడు ఒకసారి పసుపు పూసుకుంటుంది. మెరుపు మాత్రం లోహానిదే. ట్యూబ్‌లైటు గీత పసుపుగానే పడుతుంది, బిందె పరీక్ష నెగ్గినట్టే. వెండి గంధకానికి నల్లబడుతుంది గానీ అల్యూమినియం తన మీద తానే ఆక్సైడ్ పొర కప్పుకుని కూర్చుంటుంది, పైన లక్క ఉండనే ఉంది. సముద్రపు ఊరికి, మధ్యతరగతి జేబుకి, నా ఓటు దీనికే. ఇత్తడి రేకు కూడా బజారులో దొరుకుతుంది, డచ్ మెటల్ అని. అంటించినప్పుడు నిజం బంగారమేనేమో అనిపించేంత బావుంటుంది. గుడ్డ తొడుగు లేకుండా వేళ్లతో పట్టుకున్నారో, పైన లక్క ఒక్క చోట వదిలేశారో, గిరిగారి ఫ్రేము కథే.

డబ్బా గోల్డ్ పైన వార్నిష్ వేయాలా అని అందరూ అడుగుతారు. వేయాలి, కానీ గోల్డ్ ఏ ద్రావకంలో కలిసిందో అదే ద్రావకం ఉన్న వార్నిష్ వేస్తే కింది పూత మళ్లీ నాని, తేలిన రేకులు అటూ ఇటూ తిరిగి మెరుపు చస్తుంది. నూనె గోల్డ్ మీద స్పిరిట్ లక్క అయితే గొడవ లేదు. స్ప్రే డబ్బాల్లో కొన్నింటిలో ఇత్తడి ఉండదు, అల్యూమినియం పొడీ పారదర్శకమైన పసుపు రంగూ ఉంటాయి. ఆలోచన మంచిదే, ఎండ పడే గోడ మీద పసుపు వెలిసి వెండి మిగలడం తప్పిస్తే. ఇక కొత్త ఫ్రేముకి నల్లటి నీళ్లు పూసి, అంచులు గీకి పాతదనం తెప్పించే మోజు ఒకటుంది. సందుల్లో కాస్త ముదురు ఛాయ ఉంటే నగిషీ ఎత్తి చూపుతుంది, ఒప్పుకుంటాను. అంతకు మించితే పొగగూట్లోంచి తీసినట్టుంటుంది.

పాత ఫ్రేము గీకేవాళ్లకి ఒక హెచ్చరిక. ఇంటి రంగుల్లో సీసం లక్షకి తొమ్మిది పాళ్లు మించకూడదన్న నియమం మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకు ముందు రంగుల్లో ఎంత సీసం ఉందో డబ్బా చెప్పదు. కాబట్టి పొడి గీకుడు వద్దు. తడిపి రుద్దండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. నిజం రేకు ఉన్న ఫ్రేముల్నయితే అసలు రుద్దనే వద్దు.

గిరిగారి ఫ్రేముకి పాత ఇత్తడి తీసేసి, మూలలకి పీలికలు వేసి, సుద్ద, జేగురు, అల్యూమినియం రేకు వరకూ వచ్చాం. మొదటి లక్క పూత శ్రావణంలో ఆత్రపడి వేశాను. స్పిరిట్ ఎగిరేటప్పుడు పూత చల్లబడి గాలిలో తేమని లాక్కుంటుంది, ఆ తేమకి లక్క పాలవిరుగుడులా తెల్లబడింది. ముసలాయన చూసి స్పిరిట్ తడిపిన గుడ్డతో దాన్ని చెరిపేసి, ఫ్రేముని నా చేతికే ఇచ్చి, "దసరా పోనీండి బాబూ" అన్నాడు. ప్రస్తుతం అది బీరువా పక్కన వెండిరంగులోనే గోడకి ఆని ఉంది, ఫోటో తాతగారి ట్రంకుపెట్టెలో ఉంది.